రెండో బటన్

ఆమెని అందరూ మీటరమ్మ అనేవాళ్ళు. కొత్త ఇంటికి వెళ్ళి తలుపు తట్టగానే, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిందనుకుని ఎప్పటెప్పటి కోపమో ఆమె మీద కుమ్మరించినవాళ్ళూ ఉన్నారు. "నాది ఆ మీటరు కాదండీ, టీవీ మీటరు" అని చెప్పి చెప్పి ఆమె నోరు అరిగిపోయింది. పొట్టి మనిషి. భుజాన పనిముట్ల సంచి, జేబులో టెస్టరు, నడకలో తొందర. టీవీ వెనక దుమ్ములో తల దూర్చి వైర్లు సరిచేస్తూనే ఇంట్లోవాళ్ళతో లోకాభిరామాయణం నడిపించగలదు.

ఏ ఛానల్‌ని ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీలో ఆమె పని. అందరి ఇళ్ళకీ వెళ్ళి అడగడం అయ్యే పని కాదు కాబట్టి, కంపెనీ కొన్ని ఇళ్ళు ఎంచుకుని వాళ్ళ టీవీలకి ఒక చిన్న డబ్బా తగిలిస్తుంది. టీవీలో ఏ ఛానల్ నడుస్తోందో ఆ డబ్బాకి తెలుస్తుంది గానీ, ఎదురుగా ఎవరు కూర్చున్నారో తెలీదు. అందుకని ఒక రిమోట్ ఇస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎవరిది వాళ్ళు నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నొక్కాలి. నొక్కగానే డబ్బా మీద వాళ్ళ నంబరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది. ఒక ముసలాయన నొక్కాడంటే, అలాంటి ముసలాళ్ళు వేలమంది నొక్కినట్టు లెక్క. ఛానళ్ళవాళ్ళ నవ్వులూ ఏడుపులూ అన్నీ ఆ దీపాల మీదే. అందుకే డబ్బా ఏ ఇంట్లో ఉందో బయటికి పొక్కకూడదు. ఆ విషయంలో మీటరమ్మ నోరు పెద్ద తాళం. పక్కింట్లోనే డబ్బా ఉన్నా తన నీడకి కూడా చెప్పేది కాదు.

ఆమె చిన్నప్పుడు ఉన్నది ఒక్కటే ఛానల్. దాన్ని ఒకటో ఛానల్ అని ఎవరూ అనేవాళ్ళు కాదు. టీవీ అనేవాళ్ళు, అంతే. రెండోది వచ్చాక మొదటిదానికి నంబరు పుట్టింది. మూడోది వచ్చాక గుండెదడ పుట్టింది. మూడూ ఇంటి మీద యాంటెన్నా ఉంటే ఊరికే వచ్చేవే. మూడోదాంట్లో ఆటలూ, పాటలూ, అరుపులూ, ఏడుపులూ. ఒకటో దాంట్లో చక్కగా చొక్కా గుండీలన్నీ పెట్టుకున్న మనిషి నెమ్మదిగా వార్తలు చదివేవాడు. జనం ఒక్కసారిగా ఏమీ మారిపోలేదు. ఏడాదికి ఇంత చొప్పున, తడిసిన గోడకి సున్నం రాలినట్టు రాలారు.

ఆ రాలడం ఆఫీసులో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి కాగితం మీద గీతలా కనిపించేది. మీటరమ్మకి మాత్రం ఇళ్ళల్లో కనిపించింది. పని మొదలుపెట్టిన కొత్తలో ఏ ఇంటికి వెళ్ళినా టీవీ రిమోట్ మీద ఒకటి అంకె చెరిగిపోయి ఉండేది. కొన్నాళ్ళకి ఒకటి బాగానే ఉండి, మూడు చెరిగిపోవడం మొదలైంది. ఈ మధ్య వెళ్తున్న ఇళ్ళల్లో ఏ అంకే చెరగడం లేదు. టీవీ నడుస్తూ ఉంటుంది, సోఫాలో ముగ్గురూ మూడు ఫోన్లలోకి తల వంచుకుని ఉంటారు. "బటన్ నొక్కుతున్నారా అండీ?" అని ఆమె అడిగితే, "టీవీ ఆన్‌లో ఉందా?" అని తలెత్తిన ఇల్లాలు కూడా ఒకావిడ ఉంది.

ఇదంతా ఎవరిదో గోల అయితే ఆమెకి బాధ ఉండేది కాదు. కానీ ఒకటో ఛానల్‌లో సాయంత్రం వార్తలకి ఎడిటర్ ఆమె సొంత అన్నయ్య.

అన్నయ్య అంటే మామూలు అన్నయ్య కాదు. పెళ్ళయిన కొద్దికాలానికే ఆమె సంసారం చెడింది. ఒక పొద్దున్న ఆమె బట్టల పెట్టెతో అన్నయ్య ఇంటి గుమ్మంలో నిలబడితే, ఏమైందని కూడా అడక్కుండా పెట్టె అందుకుని లోపల పెట్టాడు. వదిన మంచం మీద దుప్పటి మార్చింది. తర్వాత టీవీ రిపేరు నేర్చుకుంటానంటే "ఆడపిల్లకి ఆ పనేమిటి" అని నలుగురూ మూతి విరిచారు. "దాని చెయ్యి దానిష్టం" అని దగ్గరుండి చేర్పించింది ఆయనే. మీటర్ల కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె పాత మేనేజరుతో ముందే చెప్పింది, మా అన్నయ్య ఫలానా ఛానల్లో ఉన్నాడండీ అని. ఆ మేనేజరు సరదా మనిషి. "ఉంటే ఉన్నాడులేమ్మా. మీ అన్నయ్య ఇంట్లో మాత్రం డబ్బా పెట్టకు" అని నవ్వేశాడు.

ఆ రోజే అన్నయ్య ఒక నియమం పెట్టాడు. "నా దగ్గర నీ డబ్బాల ఊసు ఎత్తకు. నేనూ నా అంకెల ఊసు ఎత్తను. మనిద్దరం అన్నాచెల్లెళ్ళం, అంతే." అన్నేళ్ళూ ఆ మాట మీదే ఉన్నారు. వదినే అప్పుడప్పుడూ గీత దాటబోయేది. "ఈసారి ఎలా ఉందో నీకు తెలిసే ఉంటుందిగా?" అని చిన్నగా అడిగితే, అన్నయ్య గొంతు సవరించుకునేవాడు. వదిన నాలిక కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం మీటరమ్మ మేడమీద వాటాలో ఉండే ఒక మామ్మగారి ఇంటికి వెళ్ళింది. ఆ ఇంట్లో ఇద్దరే, మామ్మగారూ తాతగారూ. ఒకటో బటన్ ఆవిడది, రెండోది ఆయనది. డబ్బా తీగ వదులైందని ఆఫీసులో చెబితే చూడ్డానికి వెళ్ళింది. తీగ బిగించి, చేతులు దులుపుకుని, "తాతగారేరీ, కనబళ్ళేదు?" అంది మామూలుగా.

మామ్మగారు చీర కొంగు సర్దుకుంది. "ఆయన పోయారమ్మా. వానలు రాకముందే. నీకు ఎవరూ చెప్పలేదా?"

మీటరమ్మకి తల కొట్టేసినట్టయింది. అయ్యో అంది, చెయ్యి పట్టుకుంది, ఎలా జరిగిందని అడిగింది. ఆవిడ చెప్పింది. మెట్లెక్కి వచ్చి, ఆయాసంగా ఉంది మంచినీళ్ళు ఇమ్మన్నారట. నీళ్ళు తెచ్చేసరికి లేరట. ఇదంతా వింటూనే మీటరమ్మ మనసులో ఇంకో మూల ఏదో గుచ్చుకుంటోంది. బయల్దేరే ముందు ఆఫీసులో చూసిన ఈ ఇంటి లెక్కల్లో రెండో నంబరు ఆగనే లేదు. నిన్న కూడా ఉంది.

గోడ గడియారం చూసి మామ్మగారు లేచింది. టీవీ పెట్టింది. ఒకటో ఛానల్, సాయంత్రం వార్తలు. కుర్చీలో కూర్చుని మీటరు రిమోట్ తీసుకుని ఒకటి నొక్కింది. ఏమాత్రం ఆలోచించకుండా, వంటింట్లో దీపం వేసినంత మామూలుగా, రెండు కూడా నొక్కింది. డబ్బా మీద రెండు పచ్చదీపాలు వెలిగాయి.

"అదేంటి మామ్మగారూ?"

"ఏదమ్మా?"

"రెండోది... తాతగారిది కదా."

ఆవిడ రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది. "మొదట్లో నాదొక్కటే నొక్కానమ్మా. ఒక్క దీపమే వెలిగింది. చూడలేకపోయాను. నొక్కితే నీకేమన్నా మాట వస్తుందా?"

వస్తుంది. తెలిసిన క్షణంలో ఆఫీసుకి చెప్పాలి. రెండో నంబరు తీసేయాలి, తప్పుడు లెక్క వచ్చిన రోజులన్నీ కొట్టేయాలి. చేయాల్సింది అంతే, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. మీటరమ్మ నోట్లోంచి మాత్రం, "ఫర్వాలేదులెండి, నేను చూసుకుంటాను" అనే మాట వచ్చింది.

మెట్లు దిగుతూ అది జాలే అనుకుంది. ముసలావిడ, ఒంటరి మనిషి, రేపు చెబితే కొంపలేం మునిగిపోవు. కానీ బస్సులో కూర్చున్నాక అసలు సంగతి నెమ్మదిగా పైకి తేలింది. ఒకటో ఛానల్ పెద్దలు సాయంత్రం వార్తల్ని కుదించి, ఆ చోట ఏదో ఆటల కార్యక్రమం పెట్టాలని చూస్తున్నట్టు ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ వార్తలకి ఇంకా గట్టిగా మిగిలినవాళ్ళు పెద్దవయసు మగవాళ్ళే. డబ్బాలున్న ఇళ్ళల్లో అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అందులో ఒకాయన తగ్గితే అన్నయ్య అంకె ఎటు ఒరుగుతుందో ఆమెకి బాగా తెలుసు.

రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రాలేదు. ఒక రోజు మేనేజరు ఊళ్ళో లేడు. ఒక రోజు ఉన్నాడు గానీ చిరాగ్గా ఉన్నాడు. ఒక రోజు గది తలుపు దాకా వెళ్ళి, టీ తాగడానికి పిలవడానికి వచ్చినట్టు నటించి వెనక్కి వచ్చింది.

ఆ నెలాఖరు ఆదివారం వదిన భోజనానికి పిలిచింది. వెళ్ళేసరికి బల్ల మీద కేకు ఉంది. "ఎవరి పుట్టినరోజు?" అంది మీటరమ్మ.

"ఎవరిదీ కాదు. కూర్చో" అన్నాడు అన్నయ్య. ముఖం వెలిగిపోతోంది. ఆయన అలా కనబడి ఎన్నాళ్ళయిందో. జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్ళ కింద సంచులు దిగాయి, కానీ చొక్కా మాత్రం ఇస్త్రీ నలగలేదు. "నియమం ఒక్కసారి తప్పుతున్నానమ్మాయ్. ఒక్కసారే. వార్తలు ఉంటాయి. అరగంటా ఉంటాయి. నిన్న మా ఛానల్ పెద్దాయన పిలిచి చెప్పాడు. గీత మీద వేలాడుతున్నామట, కానీ పైనే ఉన్నామట. పెద్దవాళ్ళు మనల్ని వదల్లేదు, చూశావా!"

వదిన కళ్ళు తుడుచుకుంటూ కేకు కోసింది. "మూడు నెలలుగా ఈయనకి కంటిమీద కునుకు లేదమ్మా. నీకు చెప్పొద్దన్నారు."

మీటరమ్మ కేకు ముక్క నోట్లో పెట్టుకుంది. నీళ్ళతో మింగింది. అన్నయ్య ఏవేవో చెబుతున్నాడు, పాత రోజులవి. వార్తలవేళకి వీధులు ఖాళీ అయిపోయేవట. ఒకసారి వార్తలు చదివే ఆయనకి తుమ్ము వస్తే, మర్నాడు ఆయన ఆరోగ్యం అడుగుతూ బస్తాలకొద్దీ ఉత్తరాలు వచ్చాయట. ఆమె నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, కొళాయి తిప్పి, చాలాసేపు అలాగే నిలబడింది. ఇప్పుడు చెబితే ఈ వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే రేపెప్పుడో తెలిసి ఆయన పరువే ఆరిపోతుంది.

ఎటూ పాలుపోక ఆమె మూడో దారి ఒకటి వెతుక్కుంది. మామ్మగారే నొక్కడం మానేస్తే? ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. అంకె మెల్లగా అదే సర్దుకుంటుంది, ఇప్పటిదాకా జరిగింది జరిగినట్టే కప్పబడిపోతుంది. తెలివైన దారి అనుకుంది. భయపడ్డ మనిషికి ప్రతి సందూ రాజమార్గంలాగే కనిపిస్తుంది మరి.

మర్నాడే వెళ్ళింది. "మామ్మగారూ, రెండోది ఇక నొక్కొద్దండీ. కంపెనీవాళ్ళు ఊరుకోరు."

ఆవిడ బెదిరిపోయింది. "ఏం చేస్తారమ్మా? పోలీసులా?"

"ఛ ఛ, పోలీసులేంటి. లెక్క తప్పుతుంది, అంతే."

"ఇన్నాళ్ళూ నొక్కాను కదా. నువ్వు ఫర్వాలేదన్నావు కదా."

"అన్నాను. అది నా పొరపాటు. ఇంక వద్దు. ఈ సంగతి ఎవరితోనూ అనకండి." ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అంటున్నప్పుడే ఆమెకి తన గొంతు తనది కానట్టు వినిపించింది.

మామ్మగారు రెండో బటన్ నొక్కడం మానేసింది. ఒకటోదీ మానేసింది. అసలు టీవీ పెట్టడమే మానేసింది. సాయంత్రాలు గుమ్మంలో కుర్చీ వేసుకుని మెట్లవైపు చూస్తూ కూర్చునేదట. ఈ మార్పు చూసి, పక్క వీధిలో ఉండే కూతురు తల్లిని గుచ్చి గుచ్చి అడిగి సంగతి లాగింది. లాగి, ఒంటికాలి మీద లేచింది. డబ్బా మీద అతికించిన నంబరు చూసి ఆఫీసుకి ఫోన్ చేసింది. "మా నాన్న పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని మీ మీటరావిడ వచ్చి బెదిరించిందండీ. మొదట ఫర్వాలేదు నొక్కుకో అందట, ఇప్పుడేమో ఎవరికీ చెప్పొద్దంటోందట. ఏంటండీ మీ వ్యవహారం?"

ఆ ఫోన్ ఎత్తింది కొత్త మేనేజరు. పాతాయన ఈ మధ్యే రిటైరయ్యాక వచ్చినావిడ. పని తప్ప ఇంకో మాట ఎరగదు, అలాగని చెడ్డదీ కాదు. మీటరమ్మని పిలిచి తలుపు వేసింది.

"ఆ ఇంట్లో పెద్దాయన లేరని నీకు ఎప్పుడు తెలిసింది?"

మీటరమ్మ నీళ్ళు నమల్లేదు. ఏ రోజు తెలిసిందో చెప్పింది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడని చూస్తే..." అని ఆగింది.

"జాలేసిందా?"

"వేసింది."

"అంతేనా?"

మీటరమ్మ చేతులవైపు చూసుకుంది. మేనేజరు కొంచెం మెత్తగానే అడిగింది. "మీ అన్నయ్యగారు ఒకటో ఛానల్‌లో కదూ పనిచేసేది?"

"ముందు మేనేజరుగారికి చెప్పానండీ, చేరినప్పుడే."

"చెప్పావు. నాకు చెప్పలేదు. సరే, అది వదిలేయ్. ఆయనకి ఈ సంగతి తెలుసా?"

"తెలీదు. మా అన్నయ్యకి తెలిస్తే ఆ రోజే నన్ను మీ ముందుకి ఈడ్చుకొచ్చేవాడు."

మేనేజరు తల ఊపింది. నమ్మింది కూడా. కానీ నమ్మినంత మాత్రాన ఆగే పని కాదు అది. మీటరమ్మ ఆ సాయంత్రమే పనిముట్ల సంచి అక్కడ పెట్టేసి ఇంటికి వచ్చింది. కంపెనీ ఆ ఇంటి లెక్కలన్నీ తీసేసి, ఆ నెలల అంకెలు మళ్ళీ కట్టి ఛానళ్ళన్నిటికీ పంపింది. ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా చెప్పింది. ఎవరి పేరూ, ఏ ఇల్లూ చెప్పలేదు. కానీ ఇలాంటి మాటకి కాళ్ళు ఎక్కువ. చనిపోయిన మనిషి ఒకాయన ఒకటో ఛానల్ వార్తలు మానకుండా చూస్తున్నాడనే సంగతి వారం తిరక్కుండా అన్ని ఛానళ్ళ క్యాంటీన్లలోనూ తిరిగింది. మూడో ఛానల్‌వాళ్ళు ఊరుకుంటారా? తమ హాస్య కార్యక్రమంలో ఒక అస్థిపంజరాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దాని చేతికి రిమోట్ ఇచ్చి, ఎదురుగా వార్తలు పెట్టారు. "మా ఛానల్‌కి బతికున్న ప్రేక్షకులే చాలు" అన్నాడు యాంకరు. జనం పగలబడి నవ్వారు.

ఆ కార్యక్రమం మీటరమ్మ కూడా చూసింది. చూస్తూ చూస్తూ టీవీ ప్లగ్గు పీకేసింది.

చెల్లెలి సంగతి అన్నయ్యకి ఆఫీసులో ఎవరో చెప్పారు. సాయంత్రం వార్తల్ని పది నిమిషాలకి కుదించారు. ఆయన్ని పాత టేపులు భద్రపరిచే విభాగానికి మార్చారు. కొత్త అంకెల వల్లే ఇదంతా అని కొందరు, ఎప్పుడో అనుకున్నదానికి ఇదొక సాకని కొందరు అన్నారు. ఏది నిజమో ఎవరికీ తెలీదు, బహుశా చేసినవాళ్ళకి కూడా. మీటరమ్మ ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తలేదు. ఇంటికి వెళ్తే వదిన తలుపు దగ్గరే నిలబడి, "ఇప్పుడు వద్దమ్మా. ఆయన మనసు బాలేదు" అంది. ఒకప్పుడు బట్టల పెట్టె అందుకున్న గుమ్మం అదే. మీటరమ్మ వెనక్కి తిరిగింది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని దొరికింది. తీగలు తీగలే కాబట్టి చెయ్యి త్వరగానే అలవాటుపడింది. తోటివాళ్ళతో పెద్దగా మాట్లాడేది కాదు. అన్నం సయించేది కాదు. రెండు అంతస్తుల మధ్య చీకటి గోతిలో టార్చి పెట్టుకుని పనిచేస్తుంటే, పైనుంచి ఎవరైనా పిలిచినా వెంటనే పలకబుద్ధయ్యేది కాదు. తప్పు చేశానా అంటే చేశానని తెలుసు. కానీ ఏది తప్పు? మొదటి రోజు నోరు మూసుకోవడమా, చివర్లో ఆవిడ నోరు మూయించబోవడమా? ఈ రెండోదే ఆమెని ఎక్కువ కొరికేది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సెలవు పూట, చెప్పాపెట్టకుండా అన్నయ్య వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు చూశాడు. విప్పాడు. కూర్చున్నాడు. మీటరమ్మ మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకున్నాడు గానీ తాగలేదు.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు" అన్నాడు.

"అడుగు అన్నయ్యా."

"నా కోసం చేశావని అందరూ అంటున్నారు. కాదు, ముసలావిడ మీద జాలితో చేసిందని నేను అంటూ వస్తున్నాను. మీ వదినతో అన్నాను. ఆఫీసులో అన్నాను. పోట్లాడాను కూడా. నేను అన్నదే నిజమని ఒక్కసారి నీ నోటితో చెప్పు."

అబద్ధం ఆడటానికి అంతకంటే సుళువైన సమయం ఇంకోటి దొరకదు. ఆయన దానికోసం చెయ్యి చాచుకుని కూర్చున్నాడు.

"మొదట జాలే. బస్సెక్కేదాకా జాలే. ఆ తర్వాత నీ కోసమే."

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. "నన్ను అడిగావా?"

"లేదు."

"అడిగితే వద్దంటానని తెలుసు కాబట్టి అడగలేదు."

"అవును."

"ఆ రోజు కేకు కోశాం. నువ్వు ఎదురుగా కూర్చుని తిన్నావు. నాకు అదే..." అని ఆగిపోయాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "నా ఉద్యోగం గురించి కాదే. అది పోయేదే. పాతికేళ్ళుగా పోతూనే ఉంది, నాకు తెలీదా? ఇప్పుడు ఆ మూడో ఛానల్‌వాడి పనీ అంతే. మేం మొట్టమొదట భయపడిన అంకె కంటే కిందున్నారు వాళ్ళు. జనం అందరూ చేతిలో ఫోన్లు పట్టుకుని ఎటో వెళ్ళిపోయారు. కానీ నేను చెప్పింది ఎవరో ఒకరు నిజంగా విన్నారనుకోవడం ఉందే, అది ఒక్కటే మిగిలింది నాకు. పెద్దవాళ్ళు మనల్ని వదల్లేదు అని ఎగిరాను చూడు, సిగ్గుతో చచ్చిపోతున్నాను తలుచుకుంటే."

మీటరమ్మ ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, వెళ్ళనూ లేదు. కిటికీలోంచి తల తిప్పకుండానే అడిగాడు. "ఆ పెద్దాయన ఎలాంటివాడు?"

"నాకు పెద్దగా తెలీదన్నయ్యా. ఎప్పుడెళ్ళినా నన్ను తొందరగా కానివ్వమనేవారు, వార్తల టైమైందని."

"ఆవిడ దగ్గరికి తీసుకెళ్తావా?"

ఆ ఇంట్లో డబ్బా తీసేసి చాలా రోజులైంది. ఇక అది దాచాల్సిన ఇల్లు కాదు. అయినా మీటరమ్మ ముందు కూతురికి ఫోన్ చేసింది. కూతురు ముందు పెడసరంగా మాట్లాడింది. మీటరమ్మ క్షమించమని అడిగి, ఇంకేమీ సంజాయిషీ చెప్పకుండా ఊరుకుంది. "అమ్మనే అడుగుతాను" అంది కూతురు. సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది. "రమ్మంటోంది. నేనూ ఉంటాను."

వెళ్ళారు. మామ్మగారు కొంచెం చిక్కింది. మీటరమ్మని చూసి కూర్చోమంది గానీ, ఇదివరకులా చెయ్యి పట్టుకోలేదు. కూతురు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. అన్నయ్య తను ఎవరో చెప్పుకున్నాడు. మామ్మగారి కళ్ళు పెద్దవయ్యాయి.

"సాయంత్రం వార్తలు మీరు రాసేవా?"

"నేనూ, ఇంకొందరమండీ. ఆయన రోజూ చూసేవారని..."

"అయ్యో, రోజూ చూసేవారు. ఒక్కరోజు కూడా తప్పేవారు కాదు." ఆవిడ కొంచెం మొహమాటపడింది. "చూసి రోజూ తిట్టేవారు నాయనా."

అన్నయ్య తెల్లబోయాడు. "తిట్టేవారా?"

"తిట్టడమా! ఈ కుర్చీలోంచి లేచి మరీ. తప్పు చెబుతున్నావురా అనేవారు. ఆయన రైల్వేలో చేశారు. రైళ్ళ గురించి మీరేం చెప్పినా ఒప్పుకునేవారు కాదు. పట్టాల సంగతి తెలీనివాడు రాశాడు ఇది అని గోల. మరి మార్చండి ఆ ఛానల్ అంటే, నోరు ముయ్యి వినబళ్ళేదు అనేవారు." ఆవిడ నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది.

గోడ దగ్గరున్న కూతురు చేతులు విప్పింది. "సొరంగం వార్త అమ్మా. అది చెప్పు. ఆ రోజు భోజనం మానేశారు."

"అవును, సొరంగం!"

మీటరమ్మ అన్నయ్య ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది గానీ, కళ్ళు కదిలాయి. ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "సొరంగం వార్త నాకు గుర్తుందండీ. అది నేనే రాశాను. అందులో తప్పేమిటన్నారు ఆయన?"

మామ్మగారు చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడకి సగమే గుర్తుంటే మిగతా సగం కూతురు అందించింది. అన్నయ్య మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగాడు. ఒకచోట "కాదండీ, ఆ రోజు అధికారులు మాకు అలాగే చెప్పారు" అని వాదనకి దిగాడు. ఇంకోచోట తల వంచుకుని, "అది మాత్రం ఆయన చెప్పిందే నిజం" అన్నాడు. మీటరమ్మతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె మూల కుర్చీలో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపు దాకా ఇద్దరూ నడిచారు. ఆయన బస్సు ముందు వచ్చింది. ఎక్కబోతూ, వెనక్కి తిరక్కుండానే, "వదిన రమ్మంటోంది" అన్నాడు.

"నువ్వు?"

బస్సు కదిలింది. ఆయన ఏమన్నాడో ఆమెకి వినబడలేదు. తర్వాతి ఆదివారం వెళ్ళింది. భోజనం పెట్టారు. అన్నయ్య ఉప్పు అందించమన్నాడు, ముదురుతున్న ఎండల గురించి ఏదో అన్నాడు, తిన్నాక తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. వదిన నిట్టూర్చి, "కొంచెం టైము పడుతుందిలేమ్మా" అంది. మీటరమ్మ పళ్ళేలు తీసి కడగడం మొదలుపెట్టింది. ఆ పై ఆదివారమూ వెళ్ళింది.